కడిగించిన డయల్

అల్లుడు కొత్తగా కొనుక్కున్న పాత చేతిగడియారాన్ని మామగారు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకు ఎదురుగా ఒకసారి ఇటు వాల్చి, ఒకసారి అటు వాల్చి, తెచ్చి మళ్ళీ అతని అరచేతిలోనే పెట్టేశారు. బల్ల మీద కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"రంగేసిన డయల్," అన్నారు.

సోఫాలో కూర్చున్న పళ్ళ డాక్టరు ఫక్కున నవ్వాడు. ఆయనది పక్కిల్లే. మామగారిలాగే ఆయనకీ పాత గడియారాల పిచ్చి. సాయంత్రమైతే ఇక్కడికి వచ్చి కూర్చుంటాడు.

"నేననుకుంటూనే ఉన్నా మాష్టారూ! మరీ అంత తెల్లగా మెరిసే పన్ను కనబడితే నేను అడిగే మొదటి ప్రశ్న, ఇదెక్కడ కట్టించుకున్నారండీ అనే."

అల్లుడి చెవులు వేడెక్కాయి. ఎన్నో ఆదివారాలు పాత సామాన్ల బజారులో తిరిగి తిరిగి, బేరమాడి, వద్దనుకుని ఇంటికొచ్చి, నిద్రపట్టక మళ్ళీ వెళ్ళి కొన్న గడియారం అది. వాళ్ళ అద్దె ఇంటికి రంగులు వేస్తున్నారని వారం రోజులుండటానికి భార్యతో అత్తవారింటికి వచ్చాడు. వచ్చేటప్పుడు గడియారం కనబడేలా చొక్కా చెయ్యి మడిచి మరీ వచ్చాడు. పాత గడియారాల విషయంలో ఆ ఊళ్ళో మామగారి మాటే చివరి మాట. ఆయన నోట ఒక్క 'ఫర్వాలేదే' వింటే చాలనుకున్నాడు.

"రంగేస్తే మాత్రం ఏమైంది నాన్నా? టైం సరిగ్గానే చూపిస్తోందిగా," అంది అతని భార్య, మొగుడి మొహం చూసి.

"టైందేముందమ్మా, గోడ మీద ప్లాస్టిక్ గడియారమూ చూపిస్తుంది. మీ ఇంటికి రంగేస్తే పాతది కొత్తదవుతుంది. గడియారానికేస్తే పాతదీ పోతుంది, కొత్తదీ అవదు. రెంటికీ చెడ్డ రేవడి." మామగారు కాఫీ ఒక గుక్క తాగి అల్లుడి వైపు తిరిగారు. "అయినా నీది పగలంతా అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం కదా అల్లుడూ. ఆ అక్షరాలు చూసైనా అనుమానం రాలేదా?"

అదీ దెబ్బ. ప్రెస్సులో అతని కన్ను పడకుండా ఒక్క సున్నా కూడా దాటిపోదని పేరు. మెల్లిగా చెయ్యి చూసుకున్నాడు. కంపెనీ పేరులో చివరి అక్షరం, బస్సులో నిలబడి నిద్రపోతున్న మనిషిలా, పక్క అక్షరం మీదికి ఒరిగి ఉంది. ఇన్ని రోజులుగా చూస్తున్నాడు. ఇప్పుడు కనిపించింది.

మడిచిన చొక్కా చెయ్యి విప్పుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

రాత్రి భోజనాలయ్యి గదిలోకి వచ్చాక భార్య, "నాన్నంతే. బళ్ళో డ్రాయింగ్ మాష్టారుగా ఉన్నప్పుడు, నేను గీసిన కుండ ఒక పక్క ఉబ్బిందని అందరి ముందూ మార్కులు కోశారు. సొంత కూతుర్నని కూడా చూళ్ళేదు," అంది.

"తప్పుంటే తప్పనాలి. కాదన్లేదు. పరాయి మనిషి ముందు అనాలా?"

"ఆయనకి పరాయివాళ్ళూ అయినవాళ్ళూ ఉండరండీ, మనుషుల్ని చూస్తేగా. వస్తువులే చూస్తారు."

*

మర్నాడు పొద్దున్నే మామగారు తన గదిలోంచి కేకేశారు. "అల్లుడూ, ఇలా రా. ఆ రంగుల పెళ్ళికొడుకుని కూడా తీసుకురా."

వెళ్ళాలా వద్దా అని గింజుకుంటూనే వెళ్ళాడు. ఆ గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ. దాని కింద బల్ల, బల్ల మీద పాత డ్రాయింగ్ చెక్క, చెక్క మీద ఆకుపచ్చ గుడ్డ. మామగారు కుర్చీ చూపించారు.

"నిన్న నీ మొహం మాడిపోయిందని మీ అత్తయ్య నాకు చీవాట్లు పెట్టింది. నేనన్న మాట తప్పు కాదు. అన్న చోటు తప్పంది. సరే, కూర్చో."

అంతకంటే ఎక్కువ ఆయన్నుంచి రాదని అల్లుడికి తెలుసు. కూర్చున్నాడు. మామగారు సొరుగులోంచి ఒక గడియారం తీసి గుడ్డ మీద పెట్టి, చిన్న భూతద్దం అతని చేతికిచ్చారు. కంటికి ఆనించుకుని, గడియారాన్నే కంటి దగ్గరికి ఎత్తుకోవాలని చూపించారు. తల వంచితే తల నీడ పడుతుందట.

మొదట ఏమీ తెలియలేదు. అంతా మసక. చెయ్యి కొంచెం దగ్గరికి జరిపాడు. మసక చటుక్కున విడిపోయింది. అల్లుడు ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు.

అది తెలుపు కాదు. ఏ రంగో చెప్పడానికి అతని దగ్గర మాట లేదు. అంచుల వెంట మీగడ, లోపలికి వచ్చేసరికి వెన్న, ఎడమ పక్కన ఎండిన గడ్డి, ఆరు అంకె దగ్గర ఎవరో తేనె చుక్క ఒలికించి వేలితో అద్దినట్టు చిన్న మరక. పై పూత సన్నగా బీటలు వారింది. ఆ బీటలు సాలెగూటి పోగులకన్నా సన్నం. ఆ నేల మీద అక్షరాలు! ఒక్కో గీతా తలెత్తి నిలబడి ఉంది. పక్కనుంచి వెలుతురు పడితే ప్రతి అక్షరానికీ వెంట్రుకవాసంత నీడ. పాత రూపాయి బిళ్ళంత కూడా లేని ఆ డయల్ మీద ఒక ఊరంత వైశాల్యం ఉంది. దాంట్లో ఎంతసేపైనా నడవవచ్చనిపించింది.

"ముళ్ళు చూడు," మామగారి గొంతు ఎక్కడో దూరంనుంచి వినబడింది. "ముళ్ళ మీద చీకట్లో మెరిసే పూత ఉంటుంది. అంకెల పక్కన చుక్కల్లోనూ అదే పూత. రెండూ ఒక్క రోజునే పుట్టాయి. అందుకే ఒక్కలాగే ముదిరాయి. చూశావా? ఒక బడిలో చదువుకున్న పిల్లల్లా. ఇప్పుడు కిందికి రా. ఆరు అంకె కిందకి, అంచు దాకా."

వెళ్ళాడు. లోహపు అంచు కింద సగం దాక్కుని, గడియారం తయారైన దేశం పేరు, చీమ కాలంత అక్షరాల వరస. అచ్చులో ఎన్నో చిన్న అక్షరాలు చూసినవాడు. ఇంత చిన్నవి, ఇంత నిక్కచ్చిగా ఉన్నవి ఎన్నడూ చూళ్ళేదు.

"ఎవరు పెట్టుకున్నారు మావయ్యగారూ దీన్ని?"

"నాకేం తెలుసు. అయితే ఎడమ పక్కే ఎక్కువ ముదిరింది గమనించావా? ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర, కిటికీకి ఒకే పక్కన కూర్చుని పనిచేసిన మనిషి. గుమాస్తానో, దర్జీనో. ఎండ రోజూ వచ్చి అదే చోట వాలింది." మామగారు గుడ్డ మీది దుమ్ము చేత్తో దులిపారు. "రంగేసేవాడు మొదట చేసే పని దీన్నంతా గీకి పారేయడం. ఆ మనిషినీ, ఆ కిటికీనీ, ఆ ఎండనీ. తళతళలాడే రేకు మిగిలేదాకా గీకుతాడు. తర్వాత పూస్తాడు."

అల్లుడు ఇంకా కన్ను తీయలేదు. బళ్ళో పిల్లలు ఈయన్ని చూసి ఎందుకు భయపడేవారో, భయపడుతూనే ఎందుకు ఆయన చుట్టూ మూగేవారో అతనికి ఇప్పుడు అర్థమైంది.

"సరే, నీది పెట్టు."

పెట్టాడు. అక్షరాలన్నీ చప్పగా నేలకి అంటుకుపోయి, తడికాగితం మీద సిరాలా ఉబ్బి ఉన్నాయి. అతికించిన లోహపు అంకెల కాళ్ళ మీదికి తెల్లరంగు పాకింది, గోడకి సున్నం వేస్తూ తలుపు చట్రం మీద కూడా పూసేసినట్టు. నిమిషాల గీతలు కొన్ని అంచును తాకాయి, కొన్ని తాకలేదు. అల్లుడికి నవ్వొచ్చింది.

"మావయ్యగారూ, మా ప్రెస్సులో అయితే ఇది దిద్దకుండా మొత్తం ప్రూఫే తిప్పి పంపాలి."

మామగారు అతని వీపు మీద చరిచి పెద్దగా నవ్వారు. ఆ నవ్వుకి వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసి వెళ్ళారు.

*

ఆ తర్వాత రెండు రోజులూ అల్లుడు ఆ సొరుగు ముందే గడిపాడు. మామగారు ఒక్కో గడియారం తీసి ఇవ్వడం, ఇతను చూసి చెప్పడం. తప్పు చెబితే ఆయన మాట్లాడరు, మళ్ళీ చూడమన్నట్టు వేలు తిప్పుతారు. రాత్రి కళ్ళు మూసుకున్నా మీగడ రంగు నేలలే కనిపించేవి.

శుక్రవారం మామగారు స్నానానికి వెళ్ళారు. బల్ల మీద ఆయన కళ్ళజోడు, దాని పక్కన చేతిగడియారం. సొరుగులోవన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. సొరుగులోవి ఎన్ని మారినా ఆయన మణికట్టు మీదిది మారలేదు. గడియారాల వాళ్ళంతా ఆదివారం కలుసుకుంటారు. ఊరి లైబ్రరీలో పెట్టబోయే ప్రదర్శనకి వస్తువులు ఎంపిక చేసేది ఆ రోజే. నడిమధ్యన పెట్టాల్సింది 'మాష్టారి గడియారం' అని ఎప్పుడో నిర్ణయమైపోయింది. అయినా దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు ఆయన. అడిగితే చెయ్యి చాపి, "ఇలాగే చూడండి" అనేవారు.

దేవుడి గది ముందు నిలబడ్డంత భక్తిగా అల్లుడు దాన్ని ఎత్తి భూతద్దం పెట్టాడు.

వెండి కలిపిన తెలుపు. ఒక్క మచ్చ లేదు. ఎంత బాగా కాపాడుకున్నారో అనుకున్నాడు. తర్వాత ముళ్ళ దగ్గర ఆగాడు. ముళ్ళ మీది పూత బెల్లం రంగుకి ముదిరింది. చుక్కలు మాత్రం లేత పసుపు. ముళ్ళు తాతలు, చుక్కలు పసిపిల్లలు.

కన్ను తీసి, రెప్పలార్చి, మళ్ళీ పెట్టాడు. నాలుగు అంకె దగ్గర నిమిషపు గీత సెకన్ల చిన్న వలయంలోకి చొరబడింది. కంపెనీ పేరులో మూడో అక్షరం బొద్దుగా ఉంది. ఆరు కింద, అంచు దగ్గర, చీమ కాళ్ళ వరస ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఉత్త తెలుపు.

మొదట అతనికి కలిగింది సంతోషమే. 'దొరికారు!' అనుకున్నాడు. పళ్ళ డాక్టరు ముందు, సోఫా ముందు, కాఫీ ముందు అదే మాట తిరిగి ఎలా అప్పజెప్పాలో మనసులో వాక్యం కూడా కూర్చుకున్నాడు. అంతలో వెనకాల గ్లాసు పెట్టిన చప్పుడు.

అత్తగారు. ఆవిడ చూపు అతని చేతిలో గడియారం మీద, కంటి దగ్గర భూతద్దం మీద ఆగింది. వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"మీకు కనిపించిందా బాబూ?"

అతను అబద్ధం చెప్పలేకపోయాడు. "డయల్..." అని ఊరుకున్నాడు.

"అది నా పనే." ఆవిడ కుర్చీ అంచున కూర్చున్నారు. "మా అమ్మాయి చిన్నప్పుడు ఆయనకి గుండె జబ్బు చేసి ఆస్పత్రిలో పెట్టాం. గడియారం విప్పి నా చేతికిచ్చారు. బతకడం కష్టమన్నారు. నేను దాన్ని చేతిసంచిలో పెట్టుకుని ఆ వరండాలోనే ఉండేదాన్ని. టైం చూడాలంటే భయం, చూడకపోతే భయం. ఒక రోజు డాక్టరు వచ్చి, ఇక గండం గడిచిందమ్మా అన్నాడు. నేను ఏడవలేదు బాబూ. ఎవరికైనా ఏదైనా చేయాలనిపించింది. కాళ్ళు వాటంతటవే బయటికి నడిచాయి. ఎదురుగా గడియారాల షాపు. సంచిలోంచి తీసి ఇచ్చి, దీన్ని కొత్తదానిలా చేసివ్వమన్నాను. మచ్చలతో చూడ్డానికి జబ్బు మనిషిలా ఉండేది అది. ఆయన ఇంటికొచ్చే రోజుకి అందింది. చేతికి పెట్టాను. ఇదేంటన్నారు. కడిగించాను, మచ్చలు పోయాయన్నాను. అబ్బ, నిజంగా కొత్తదానిలా ఉందే అని పెట్టుకున్నారు. అంతే, మళ్ళీ తీయలేదు."

"మావయ్యగారు గుర్తుపట్టలేదా?"

"గుర్తుపడితే ఊరుకునే మనిషేనా? మీ గడియారాన్ని ఊరుకున్నారా? అప్పటికింకా ఈ పిచ్చి ఇంతగా ముదరలేదు. తర్వాతెప్పుడో హాల్లో ఎవరితోనో అంటున్నారు, డయల్‌కి రంగేయించడమంటే పీక పిసకడమే అని. నేను వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీది కూర మాడిపోయింది. తనదాకా వచ్చేసరికి మాత్రం కనిపించలేదు. రోజూ చూసే వస్తువుని ఎవరు చూస్తారు బాబూ?"

బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది. ఆవిడ గొంతు తగ్గించారు.

"ఆదివారం డాక్టరుగారు ఏదో కెమెరా తెస్తున్నారట. గడియారం పెడితే టీవీలో ఇంత పెద్దదిగా కనబడుతుందట. అందరి ముందూ ఆయన పరువు పోతుంది. అదీ నా చేతులారా. ఎలాగైనా దాన్ని ఆ అద్దం కింద పెట్టనివ్వకండి. మీకు పుణ్యముంటుంది."

అల్లుడు తలూపాడు. ఇందాక కూర్చుకున్న వాక్యం ఎక్కడికి పోయిందో పోయింది.

*

లైబ్రరీ మేడ మీద గది. మడత కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. కిటికీ పక్కన మాత్రం చేతులున్న చెక్క కుర్చీ ఒకటుంది. అది మామగారిది. ఎవరైనా గడియారం తెస్తే ఆ కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళి ఇవ్వడం, ఆయన కిటికీ వైపు వాల్చి ఒక మాట అనడం, ఆ మాటతో మనిషి వెలిగిపోవడమో వాడిపోవడమో అక్కడ రివాజు.

పళ్ళ డాక్టరు రోగుల దవడలు చూపించే కెమెరాని టీవీకి తగిలించాడు. "ఇన్నాళ్ళూ పుచ్చు పళ్ళు చూసి చూసి దీనికి విసుగెత్తింది. ఇవాళ పండగ," అన్నాడు. గది నవ్వింది.

ఒక్కో గడియారం కెమెరా కిందికి వెళ్ళింది. తెర మీద గోరంత అక్షరం గుమ్మమంత అయింది. బీటలు ఎండిన చెరువులా పరుచుకున్నాయి. ఒక లెక్చరరమ్మ తెచ్చిన చిన్న ఆడగడియారం డయల్ మీద పండిన ఆకు రంగు కనిపించేసరికి గదంతా ఒక్కసారి "ఆ..." అంది. ఇన్నేళ్ళుగా జేబుల్లో, చేతుల మీద ఇంత అందం మోసుకు తిరుగుతున్నామా అన్నట్టు మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అత్తగారికిచ్చిన మాట గుర్తుండి కూడా అల్లుడు ఆ తెరనుంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఇక అసలైనది," అన్నాడు డాక్టరు. "మాష్టారూ, ఇవాళైనా చెయ్యి విప్పాలి."

అల్లుడు గబుక్కున లేచాడు. "ముందు నాది పెట్టండి డాక్టరుగారూ."

"నీదా? అది చూశాం కదయ్యా!"

"వీళ్ళు చూళ్ళేదుగా. మోసపోవడం ఎలాగో నేర్పించడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు."

తన గడియారం తెర మీద పెట్టించి, తనే వేలితో చూపిస్తూ మొదలుపెట్టాడు. ఒరిగిపోయిన అక్షరం, రంగు పాకిన అంకెలు, అంచు తాకని గీతలు. ఏ చిన్న తప్పునీ వదల్లేదు. తన తెలివితక్కువతనం మీద తనే జోకులేశాడు. జనం పగలబడి నవ్వారు. ఇంత సేపు సాగదీస్తే కాఫీ వస్తుంది, కాఫీ వస్తే మాటలు మారతాయి, అనుకున్నాడు. మామగారు మాత్రం నవ్వలేదు. చెక్క కుర్చీలోంచి అతన్నే చూస్తున్నారు, కొత్త గడియారాన్ని చూసినట్టు.

చివరికి చెప్పడానికి తప్పులైపోయాయి.

మామగారు లేచి, తన చేతి బెల్టు తనే విప్పి, గడియారాన్ని కెమెరా కింద తనే పెట్టారు.

తెర మీద వెండి తెలుపు విప్పారింది. బెల్లం రంగు ముళ్ళు. వాటి పక్కన లేత చుక్కలు.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. డాక్టరు తప్పు కెమెరాదే అన్నట్టు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎంత తిప్పితే అంత స్పష్టంగా, సెకన్ల వలయంలోకి చొరబడ్డ గీత అందరి మొహాల మీదికీ వచ్చింది. పాపం, డాక్టరు చెడ్డవాడు కాదు. అతని నుదుటి మీద చెమట పట్టింది.

"మాష్టారూ... ఇది..."

"ఒరిజినలే," అన్నారు మామగారు.

"చుక్కలూ ముళ్ళూ కలవడం లేదండీ," అంది లెక్చరరమ్మ మెల్లగా. "మీరే కదా చెప్పింది, రెండూ ఒక్కలాగే ముదరాలని."

"చెప్పాను. ఇది మాత్రం ఒరిజినలే. నా కంటికి అలాగే కనిపిస్తోంది."

గది మీద ఒక బరువు దిగింది. అబద్ధమాడే మనిషి కాదాయన. అంటే చూపు పోయిందన్నమాట. ఆ ఆలోచన ఒక వరసనుంచి ఇంకో వరసకి పాకడం అల్లుడికి కంటికి కనిపించింది. వెనకాల ఎవరో, "వయసు," అన్నారు. కిందటి నెల ఆయన 'రంగేసింది' అన్న గడియారం యజమాని, అయితే నాదీ మళ్ళీ చూడాల్సిందే, అని పక్కవాడి చెవిలో గొణిగాడు.

డాక్టరు దగ్గరికొచ్చి, చాలా మెత్తగా, "మాష్టారూ, ఒకసారి కళ్ళు చూపించుకుందాం. నేనే తీసుకెళ్తాను," అన్నాడు.

అల్లుడు ఉండబట్టలేక లేచాడు. మాట నాలుక చివరికొచ్చింది. మామగారి చెయ్యి వచ్చి భుజం మీద పడింది.

"కూర్చో అల్లుడూ."

ఆయన గడియారం తీసుకుని చేతికి పెట్టుకుని, కిటికీ పక్క కుర్చీ వైపు వెళ్ళలేదు. వెనక వరసలో ఒక మడత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాసేపటికి ఎవరో ఒక గడియారం పట్టుకుని చెక్క కుర్చీ దాకా వెళ్ళి, అది ఖాళీగా ఉంటే ఏం చేయాలో తోచక నిలబడ్డారు. డాక్టరు మామగారి వైపు చూశాడు. మామగారు కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు. డాక్టరు వెళ్ళి ఆ కుర్చీ అంచున కూర్చున్నాడు.

*

ఇద్దరూ నడిచి వస్తున్నారు. మధ్యాహ్నపు వీధి. షట్టర్లు వేసిన దుకాణాలు.

"నాలుగు దగ్గర గీత వలయంలోకి దూరింది," అన్నారు మామగారు ఉన్నట్టుండి. "మూడో అక్షరం బొద్దు. ఆరు కింద చిన్నక్షరాలు వేయనే లేదు. రంగేసినవాడు ఎవడో కుర్రాడై ఉంటాడు. చెయ్యి వణికింది. పదకొండు దగ్గర చుక్క కొంచెం గుడ్డులా ఉంటుంది, అది నువ్వు చూసుండవు."

అల్లుడి కాళ్ళు ఆగిపోయాయి.

"మీకు తెలుసా!"

"ఆస్పత్రినుంచి ఇంటికొచ్చిన రోజు, గుమ్మంలోనే తెలిసింది. కడిగితే మచ్చలు పోతాయా అల్లుడూ? కడిగితే అక్షరాలు పోతాయి."

"మరి అక్కడ అనచ్చుగా! రంగేసిందే, నాకు తెలుసు, నా ఇష్టం అని ఒక్క మాటంటే సరిపోయేదిగా. వాళ్ళంతా మీ చూపు పోయిందనుకుంటున్నారు."

"అంటే సాయంత్రానికి డాక్టరు వాళ్ళావిడకి చెబుతాడు. రేపు పొద్దున గోడ మీదనుంచి ఆవిడ మీ అత్తయ్యకి చెబుతుంది. ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకున్నానని తనకి తెలుస్తుంది. నా చూపు పోయిందనుకుంటే డాక్టరు జాలికొద్దీ ఇంట్లో నోరు మెదపడు." మామగారు మళ్ళీ నడక సాగించారు. "మొదట్లో చెబితే ఏడుస్తుందని ఊరుకున్నాను. తర్వాత చెప్పడానికి సందు దొరకలేదు. అలా దొరక్కపోవడమే బాగుందనిపించింది."

"పాత డయల్ పోయిందని దిగులు లేదా మావయ్యగారూ మీకు?"

"ఎందుకుండదు? మూడు దగ్గర ఒక మచ్చ ఉండేది. తేనె రంగు. బళ్ళో పిల్లలు బొమ్మలేసుకుంటుంటే నేను దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇప్పటికీ ఒక్కోసారి టైం చూడబోయి దాన్ని వెతుక్కుంటాను." ఆయన గడియారం అద్దాన్ని బొటనవేలితో తుడిచారు. "కానీ ఆ రోజు దీన్ని నా చేతికి పెడుతూ, కొత్తదానిలా ఉంది చూడండి, అంది మీ అత్తయ్య. అప్పుడు ఆ మొహం చూశాను నేను. నువ్వు చూళ్ళేదు. లోకంలో మచ్చలున్న డయల్స్‌కేం, సొరుగు నిండా ఉన్నాయి. ఆ మొహాన్ని గీకేయమంటావా?"

అల్లుడు ఆయన పక్కన ఒక అడుగు వెనగ్గా నడిచాడు. ఇన్ని రోజులుగా అతను ఆ కళ్ళని చూసి అబ్బురపడుతున్నాడు. ఆ కళ్ళు ఏం చూడగలవో ఇప్పటిదాకా అతనికి తెలియనే లేదు.

"నీకు ముందే కనిపించింది కదూ? లేకపోతే నీ గడియారాన్ని ముందుకి తోసి అంత నాటకమాడవు. నా కోసం నువ్వు నవ్వులపాలవుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను."

"భూతద్దం పెట్టి చూశాను మావయ్యగారూ," అన్నాడు. అది నిజమే. మిగతా నిజం అతనిది కాదు, చెప్పడానికి.

"ఊఁ. కన్ను కుదురుకుంది నీకు," అన్నారు మామగారు.

*

అత్తగారు వాకిట్లోనే ఉన్నారు. మొగుడి మొహం చూశారు, చెయ్యి చూశారు, అల్లుడి మొహం చూశారు. మామగారు లోపలికెళ్ళగానే, మంచినీళ్ళకన్నట్టు అతన్ని వంటింట్లోకి పిలిచారు.

"పెట్టారా?"

"పెట్టారత్తయ్యగారూ. ఆపలేకపోయాను."

ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టేశారు. చేతులు కొంగుకి తుడుచుకున్నారు, తడి లేకపోయినా. "ఏమన్నారు?"

అల్లుడు ఒక్క క్షణం ఆలోచించాడు. అచ్చులో ఒక్క అక్షరం మారితే అర్థం ఎలా తిరిగిపోతుందో రోజూ చూసేవాడు. ప్రతి మాటా పట్టి పట్టి వేశాడు.

"అది తెర మీద పడగానే అందరూ కళ్ళప్పగించేశారు. ఒక్కరికీ నోట మాట రాలేదు."

"నిజంగా?"

"మావయ్యగారు లేచి ఒరిజినలే అన్నారు. ఆయన అన్నాక ఇంక కాదనేదెవరు?"

ఆవిడ గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలారు. మెల్లగా, చిన్నపిల్లలా, నవ్వొచ్చింది ఆవిడకి. "అంత చూపున్న మనిషి! చీమ కాలు కూడా వదలరు. నా దగ్గరికొచ్చేసరికి చూడండి బాబూ, పిచ్చి మాలోకం," అన్నారు.

"ఏమోయ్!" హాల్లోంచి మామగారి కేక. "ఈ బెల్టు పట్టడం లేదు. ఒకసారి ఇటు రా."

అత్తగారు గబగబా వెళ్ళారు. అల్లుడు నీళ్ళగ్లాసుతో వెనకే వెళ్ళి గుమ్మంలో ఆగాడు. మామగారు సోఫాలో కూర్చుని చెయ్యి చాపారు. ఆవిడ పక్కన కూర్చుని, ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, బెల్టు కన్నంలోకి ముల్లు దూరుస్తున్నారు. దగ్గరి చూపు ఆనక తల వెనక్కి పెట్టి, పెదవి కొరుక్కుంటూ. తర్వాత అద్దం మీద నోటితో ఊది, కొంగుతో రుద్దారు. ఎలా ఉందో చూడమన్నట్టు మణికట్టు ఆయన వైపు తిప్పారు.

మామగారు గడియారం చూళ్ళేదు.

వెనకనుంచి అల్లుడి భార్య వచ్చింది. "దారికడ్డంగా నిలబడ్డారేంటండీ? ఏం చూస్తున్నారు?"

"మీ అమ్మానాన్నల్ని."

ఆమె అతని భుజం మీదనుంచి తొంగిచూసింది. "ఏముంది అక్కడ చూడ్డానికి? గడియారం పెట్టించుకుంటున్నారు, అంతేగా."

"అంతే," అన్నాడు అల్లుడు.

కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.